ఆనందబాష్పాల స్లాబు

పెదలంకపేట కాలవ వీధిలో ఆ నెల ఇంటింటికీ కరెంటు బిల్లు సగానికి సగం పడిపోయింది. బిల్లు పెరిగితే ఏం చెయ్యాలో ఆ వీధిలో అందరికీ తెలుసు. కొంగు బిగించి, అరుగు మీదికొచ్చి, కరెంటు కంపెనీని దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా కడిగి ఆరెయ్యాలి. తగ్గితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు. అలవాటుంటే కదా!

మీటర్ రీడర్ దొరబాబు పలివెల సీతారత్నం గారి గుమ్మంలో నిలబడి, మెడలో వేలాడుతున్న మిషన్లోంచి బిల్లు చర్రున చింపి చేతికిచ్చాడు.

"పిన్నిగారూ, గవర్నమెంటోరు రాయితీ ఇచ్చారండి. సగమే కట్టండి."

సీతారత్నం బిల్లు ఓసారి ముందు చూసింది, ఓసారి వెనక చూసింది. "అలాగా," అంది. లోపలికెళ్లి ఆ కాగితాన్ని పోపుల పెట్టె కింద పెట్టి, గ్రైండర్లో మినప్పప్పు పోసింది.

ఆవిడకి సంతోషం కలగలేదనుకుంటే మీ పొరపాటు. బోలెడు కలిగింది. మొగుడు గంగరాజు కొబ్బరిచెట్టు మీంచి జారి నడుం పట్టేసుకున్నప్పట్నించీ ఆ ఇంటిని నడిపిస్తున్నది ఆ గ్రైండరే. వీధిలో సగం ఇళ్లవాళ్లు పొద్దున్నే గిన్నె పట్టుకొచ్చేది సీతారత్నం రుబ్బిన పిండికే. బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉందని జనం మెచ్చుకుంటే, ఆ మెప్పులో ముప్పాతిక ఈవిడదే. అలాంటి ఇంటికి కరెంటు ఖర్చు సగమైపోతే సంతోషం కాక ఏం కలుగుతుంది? కలిగింది కానీ, మొహం మీదికి రాలేదు.

అసలా మొహం మీదికి ఎప్పుడూ ఏదీ రాదు. పెళ్లి ఫొటోలో చూస్తే ఆవిడ తలంబ్రాలు పోస్తున్నట్టుండదు, పెళ్లికొడుకు మీద పోలీసు కంప్లయింటు ఇస్తున్నట్టుంటుంది. దానికి తోడు అత్తగారి తర్ఫీదు. ఆ మహాతల్లికి దిష్టి భయం ఎక్కువ. మంచి జరిగితే పైకి చెప్పుకోకూడదు, ఎవరైనా ఎలా ఉన్నారంటే ‘ఏదో ఇలా ఉన్నాం’ అనాలి, అంతే. కొత్త గ్రైండరు కొన్న రోజున కూడా దానికి గోనెపట్టా కప్పి రిక్షాలో తెచ్చి, "పాతదేనమ్మా, ఎవరో అవతల పారేత్తే తెచ్చుకున్నాం," అని వీధి వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. అత్తగారు పోయినా ఆ పద్ధతి పోలేదు. గోనెపట్టా కూడా ఇప్పటికీ గ్రైండరు మీదే ఉంది.

కాలవ వీధిలో తక్కినవాళ్లు కూడా తక్కువ తిన్నవాళ్లేం కాదు. సాయంత్రం ఎదురింటి భూలక్ష్మి గిన్నె పట్టుకొచ్చి గోడవారగా నిలబడి అడిగింది.

"ఏం వదినా, మీకు బిల్లెంతొచ్చింది?"

"ఏదో వచ్చిందిలే. మీకో?"

"మాకూ ఏదో వచ్చింది."

ఇద్దరికీ సగమే వచ్చింది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ నిట్టూర్చి, పిండి గురించి మాట్లాడుకున్నారు.

ఒక్క గంగరాజు మాత్రం ఈ కట్టుబాటుకి లొంగడు. నడుం పట్టేసింది గానీ నవ్వు పట్టెయ్యలేదు ఆయనకి. కాకి అరిచినా నవ్వుతాడు, తన నడుం కలుక్కుమన్నా "అబ్బా" అని ఆ వెంటనే నవ్వుతాడు. మంచమ్మీంచి బిల్లు చూసి పకపకా నవ్వబోతే సీతారత్నం వెళ్లి కిటికీ మూసేసింది.

ఇది ఇక్కడితో అయిపోతే మనకీ కథ ఉండేది కాదు. కానీ రాజధానిలో పెద్దవాళ్లకి నిద్రపట్టలేదు. ఇంత డబ్బు పోసి రాయితీ ఇచ్చాం, జనం ఎంత మురిసిపోతున్నారో కనుక్కోండని సర్వే చేయించారు. సర్వే కుర్రాళ్లు గుమ్మం గుమ్మం ఎక్కి "రాయితీ అందిందా అండి, ఎలా ఉన్నారండి?" అని అడిగారు. రాష్ట్రం ఈ చివర్నించి ఆ చివరిదాకా అందరూ ఒకే మాట చెప్పారు: "ఏం రాయితీలెండి, ఏదో ఇలా ఉన్నాం."

పైన పెద్ద మీటింగు పెట్టారు. జీడిపప్పు ప్లేట్లు ఖాళీ అయ్యాక ఇంధన శాఖ ఉన్నతాధికారి గొంతు సవరించుకున్నాడు.

"రాయితీ పంపిణీ నూటికి నూరు శాతం జరిగినప్పటికీ, తత్సంబంధమైన ఆనందం లబ్ధిదారుల ముఖమండలమందు నమోదు కాలేదని మనవి చేయడమైనది. ఇక్కడి నుంచి బయల్దేరిన ఆనందం గమ్యస్థానం చేరడం లేదు. మధ్యలో ఎక్కడో లీకవుతోంది."

"లైన్ లాసా?" అన్నాడు అమాత్యుడు.

"అవును సార్. ఆనంద ప్రసార నష్టాలు."

ప్రసార నష్టాలుంటే ఏం చెయ్యాలో కరెంటు శాఖకి ఎవరూ నేర్పనక్కర్లేదు. వినియోగదారుడి దగ్గర మీటరు పెట్టాలి. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట రాయితీ పొందిన ప్రతి గృహ వినియోగదారుడూ సదరు రాయితీకి తగిన సంతోషాన్ని తనిఖీ అధికారి సమక్షంలో ప్రదర్శించవలెను. సంతోషానికి మూడు స్లాబులు. కొద్దిపాటి రాయితీకి పెదవి స్లాబు, అంటే చిరునవ్వు. అంతకుమించితే పళ్ల స్లాబు, అందులో పైవరస పూర్తిగా కనపడాలి. సగం బిల్లు మాఫీ అయినవాళ్లు నేరుగా ఆనందబాష్పాల స్లాబులోకి వస్తారు. చెమ్మ చాలదు, చుక్క రాలాలి.

ఈ పనికోసం ప్రతి సెక్షన్లోనూ ‘ఏఈ, ఆనందం’ అని ఒక అసిస్టెంట్ ఇంజనీరు పోస్టు సృష్టించారు. పెదలంకపేటకి వచ్చినాయన పేరు వెంపరాల ఫణిభూషణ్. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్లు చూసేవాడు. వేడెక్కిందా లేదా అని చెయ్యిపెట్టి చూసే అలవాటు ఆయనకి ఇంకా పోలేదు.

ఓ పొద్దుటిపూట ఫణిభూషణ్ ఒక ప్లాస్టిక్ స్కేలు, ఒక బుల్లి గాజుసీసా పట్టుకుని సీతారత్నం గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల దొరబాబు.

"వినియోగదారు పలివెల సీతారత్నం తామేనా? తమరు బాష్పాల స్లాబులో ఉన్నారు. కానివ్వండి."

"ఏం కానివ్వాలండి?"

"తనివితీరా సంతోషించండి. కుర్చీ ఉంటే వేయించండి, ఈలోగా కూర్చుంటాను."

దొరబాబు పక్కనుంచి గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. సీతారత్నం విని, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఏఈ గారి ఎదురుగా నిటారుగా నిలబడింది. మనసులో కదిలించవలసినవన్నీ కదిలించింది. బిల్లు తలుచుకుంది. మిగిలిన డబ్బుతో మొగుడి నడుముకి మంచి వైద్యం చేయించొచ్చని తలుచుకుంది. లోపల నిజంగానే వెచ్చగా, హాయిగా అనిపించింది.

ఫణిభూషణ్ స్కేలు ఆవిడ పెదాల దగ్గర పెట్టి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నుదుటి మీద చెయ్యి పెట్టబోయి, ఇది ట్రాన్స్‌ఫార్మర్ కాదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"మొదలెట్టారా?"

"ఎప్పుడో మొదలెట్టానండి."

"రీడింగ్ రావడం లేదు."

అప్పటికే మంచమ్మీద గంగరాజు ఆపుకోలేక విరగబడి నవ్వుతున్నాడు. పళ్లు కనపడ్డాయి, చిగుళ్లు కనపడ్డాయి, కళ్లమ్మట ధారగా నీళ్లు కారాయి. దొరబాబు ఉత్సాహంగా సీసా మూత తీశాడు. "సార్, బాష్పాలండి! మూడు సీసాలకి సరిపోతాయండి!"

"ఆగు," అన్నాడు ఫణిభూషణ్. "కనెక్షన్ ఎవరి పేరున ఉంది?"

"ఆవిడ పేరునేనండి."

"అయితే ఆనందం కూడా ఆవిడ పేరునే రావాలి. ఆయనది సబ్ కనెక్షన్. సబ్ కనెక్షన్ల సంతోషం లెక్కలోకి రాదు."

"నాకు సంతోషంగానే ఉందండీ," అంది సీతారత్నం. "ఒట్టండి. మా పుట్టినూళ్లో నూకాలమ్మతల్లి మీద ఒట్టు."

"ఉంటే ఉండవచ్చును. కానీ అది తమరి వద్ద ఉన్నచో ప్రభుత్వానికి ఏమి ప్రయోజనం? ప్రభుత్వానికి కనపడాలి." ఆయన లేచాడు. "మళ్లీ నెలలో వస్తాను. అప్పటికీ రీడింగ్ రాకపోతే రాయితీ రద్దు, ఇచ్చినది జరిమానాతో వసూలు, అంతవరకూ సరఫరా నిలిపివేత. మీ మంచికే చెబుతున్నాను, కొంచెం మొహం సర్వీసింగు చేయించుకోండి."

సరఫరా నిలిపివేత అనేసరికి సీతారత్నం గోనెపట్టా కప్పిన గ్రైండరు వైపు చూసింది. మొహం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఆ నెలంతా కాలవ వీధిలో చూడాలి తమాషా! సిగ్గు పడేవాళ్లకి సిగ్గు పోయింది. పొద్దున్నే ముగ్గుల దగ్గర సాధన, మధ్యాహ్నం అరుగుల మీద సాధన. వీధి మొత్తానికి భూలక్ష్మి ఆరితేరింది. మొదటి తనిఖీలో పళ్ల స్లాబు దగ్గర ఆగిపోయిన మనిషి, వారానికే మళ్లీ తనిఖీ వేయించుకుని, ఏఈ గారి మోటారు సైకిలు చప్పుడు వినపడగానే "అయ్ బాబోయ్, రాయితీయే! నా తండ్రే! నా బంగారు రాయితీయే!" అంటూ వీధిలోకి ఉరికి, బిల్లు గుండెకి హత్తుకుని, దుమ్ములో పొర్లి పొర్లి ఏడిచింది. ఫణిభూషణ్‌కి సీసా చాలక దొరబాబు మంచినీళ్ల బాటిల్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

ఆవిణ్ణి చూసి కొందరు అడ్డదారి తొక్కారు. చివరింటాయన అరచేతికి ఉల్లిపాయ రాసుకుని కళ్లు తుడుచుకున్నాడు. కంపెనీ ఊరుకుంటుందా? విజిలెన్సు స్క్వాడ్‌ని దింపింది. వాళ్లు ఇంటింటికీ వచ్చి అందరి అరచేతులూ వాసన చూశారు. ఉల్లిపాయ కన్నీళ్లు దొంగ కరెంటుతో సమానమని కేసు రాశారు. ఆయన "పొద్దున్న కూర తరిగానండీ" అని మొత్తుకున్నాడు. కూర తరిగే మగాళ్లు ఈ వీధిలో లేరని పెళ్లామే సాక్ష్యం చెప్పింది.

ఇంత బాహాటంగా సంతోషిస్తే దిష్టి తగలదూ? తగిలింది. ఒకరికి జ్వరం, ఒకరి గేదె పాలివ్వడం మానేసింది, ఒకరికి అల్లుడొచ్చి పదిహేను రోజులు కదల్లేదు. దాంతో తనిఖీ అవగానే ప్రతి ఇంటి ముందూ ఉప్పు, ఎండుమిరపకాయలు, ఎర్రనీళ్లు. బూడిద గుమ్మడికాయలు పగిలి పగిలి రోడ్డు జారుడుబల్లలా తయారైంది. జారిపడ్డవాళ్లలో ఏఈ గారు కూడా ఉన్నారు. రోడ్డు కడిగించిన ఖర్చు కంపెనీ ఎందుకు భరిస్తుంది? తర్వాతి బిల్లులో ‘దిష్టి సర్దుబాటు చార్జీ’ అని కొత్త వరస కనపడింది. దాన్ని చూసి తిట్టబోయినవాళ్లు, తనిఖీ రోజు దగ్గర పడిందని గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

సీతారత్నం కూడా తన ప్రయత్నం తను చేసింది. పాపం, చెయ్యకేం? భూలక్ష్మి రోజూ వచ్చి ఎదురుగా కూచోబెట్టుకుని నేర్పింది.

"ఈ... అను వదినా. ఈ..."

"ఈ," అంది సీతారత్నం.

భూలక్ష్మి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "వద్దులే వదినా. పన్ను పీకించుకోడానికి కూచున్నట్టుంది. పోనీ ఏడుపైనా రాదా?"

"మా నాన్న పోయినప్పుడే రాలేదమ్మా. లోపలే కుళ్లి కుళ్లి ఏడిచాను. చూసినోళ్లంతా గుండె రాయనుకున్నారు."

భూలక్ష్మి ఆ రోజుకి పాఠం ఆపేసి, పిండి పట్టుకుని వెళ్లిపోయింది.

సీతారత్నం ఇంటికి రెండో తనిఖీ రానే వచ్చింది. ఫణిభూషణ్ ఈసారి కుంటుతూ వచ్చాడు, గుమ్మడికాయ ధర్మమా అని. సీతారత్నం అప్పుడే టిఫిన్ హోటలు పప్పు గ్రైండర్లో వేసింది. అది గురగురమంటూ తిరుగుతోంది. ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి, పెదాలు రెండువైపులకీ లాగింది. చూడలేక దొరబాబు తలదించుకున్నాడు.

ఆ సమయానికి గంగరాజుకి ఒక ఊహ వచ్చింది. నడుం పట్టుకుని మెల్లిగా వెనకనుంచి వచ్చి, పెళ్లాం పక్కటెముకల మీద చక్కిలిగింత పెట్టాడు.

"ఏయ్!" అన్నాడు ఫణిభూషణ్ స్కేలు ఝళిపిస్తూ. "ఏమిటది? బయట తీగకి కొక్కెం తగిలించి కరెంటు లాగడానికీ దీనికీ తేడా ఏమిటి? చక్కిలిగింత ద్వారా పొందిన ఆనందం అక్రమ వినియోగం కిందికి వస్తుంది!"

వచ్చిన నష్టమేమీ లేదు. సీతారత్నానికి చక్కిలిగింత కూడా లేదు.

ఫణిభూషణ్ చేత్తో సైగ చేశాడు. దొరబాబు కదల్లేదు. మళ్లీ చేశాడు. దొరబాబు కాళ్లీడ్చుకుంటూ మీటరు దగ్గరికి వెళ్లాడు.

"కాత్త ఆగండి బాబూ," అంది సీతారత్నం. "ఈ వాయి అయ్యేదాకా ఆగండి. పప్పు సగంలో ఉంది."

"వాయిదాల పద్ధతి మీద ఆనందం చెల్లించే సదుపాయం ప్రస్తుతానికి లేదు," అన్నాడు ఫణిభూషణ్.

దొరబాబు ఫ్యూజు పీకేశాడు. గ్రైండరు మెల్లిగా, మెల్లిగా తిరిగి ఆగిపోయింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే కాలవలో నీళ్ల చప్పుడు వినపడింది. ఆ ఇంట్లోంచి కాలవ చప్పుడు ఎన్నేళ్లయిందో విని. గంగరాజు నవ్వు కూడా ఆగిపోయింది.

సీతారత్నం పెరట్లోకి వెళ్లి, అరటిచెట్టు కింద అత్తగారి నాటి రుబ్బురోలు కడిగింది. సగం నలిగిన పప్పు అందులో వేసి రుబ్బడం మొదలుపెట్టింది. ఆవిడ కడుపు రగిలిపోతోంది. సంతోషం లేదంటారా! ఎంత సంతోషపడిందో తనకి తెలుసు, పైవాడికి తెలుసు. గుమ్మంలో దండెం కట్టి ఆరెయ్యలేదని పొట్టమీద కొడతారా! పొత్రం తిప్పే కొద్దీ భుజం పీక్కుపోయింది. వీధివాళ్ల పిండి వరకూ ఎలాగో రుబ్బింది గానీ, హోటలాయన మూడో రోజున మొహమాటపడుతూ వచ్చి, "ఏం చేత్తాం అక్కా, మనకి పొద్దున్నే అందాలి కదా," అని వేరేవాళ్లకి చెప్పుకున్నాడు. ఆ రాత్రి గంగరాజు ఆవిడ భుజానికి కొబ్బరినూనె రాస్తూ ఒక్కసారి కూడా నవ్వలేదు. నా నవ్వు నీకిచ్చెయ్యగలిగితే ఎంత బావుండునే అన్నాడు. ఆవిడ చెయ్యి తీసి ఆయన చేతి మీద వేసింది.

ఇలా ఈ ఇల్లు చీకట్లో ఉంటే, పెదలంకపేట మొత్తం దేదీప్యమానంగా ఆనందిస్తోంది. కాలవ వీధికి ‘ఉత్తమ ఆనంద వీధి’ అని బ్యానరు కట్టారు. భూలక్ష్మికి శాలువా కప్పారు. ఊరూరి నుంచీ సీసాలు, బాటిళ్లు, ఆఖరికి బిందెలు కూడా రాజధానికి చేరాయి. అక్కడ వాటిని కలిపి కొలిచారు. కొలిచాక ఆర్థిక శాఖ అధికారి లేచి నిలబడ్డాడు. ఆ శాఖవాళ్లు లేచి నిలబడితే ఎవరికో మూడినట్టే లెక్క.

"అందిన బాష్పముల పరిమాణమును బట్టి చూడగా ప్రజలు ఆనందంలో మిగులు స్థితికి చేరినట్లు రూఢియగుచున్నది. ఇంతటి ఆనందంలో ఓలలాడుచున్న ప్రజలకు ఇంకనూ రాయితీ ఇవ్వడం ఎందుకో ఈ శాఖకు బోధపడకున్నది. రాయితీ అనునది కష్టంలో ఉన్నవారికి కదా?"

ఎవరికీ జవాబు తోచలేదు. తోచకపోతే ఉత్తర్వు వెయ్యడం రివాజు. ఆనందం నమోదైన కుటుంబాలన్నింటికీ రాయితీ తక్షణమే రద్దు. మూడు స్లాబుల్లో ఏ స్లాబులోనూ రీడింగ్ రాని ‘నిరానంద కుటుంబాల’కు మాత్రం పూర్తి రాయితీ, అంటే బిల్లే ఉండదు. నిరానందం కొనసాగుతున్నట్టు నెల నెలా ధ్రువీకరించవలెను.

పెదలంకపేట సెక్షన్లో నిరానంద కుటుంబాలెన్ని అని వెతికారు. ఒకటే ఉంది.

ఆ మర్నాడు ఫణిభూషణ్ సీతారత్నం గారి పెరట్లోకి చెప్పులు బయట విప్పి మరీ వచ్చాడు. ఆవిడ రోలు ముందు కూచుని ఉంది.

"అమ్మా, తమరి పట్ల పొరపాటు జరిగింది. ఈ సెక్షన్ పరువు తమరొక్కరే కాపాడారు. దొరబాబూ, ఫ్యూజు పెట్టు!"

దొరబాబు అప్పటికే పెట్టేశాడు. లోపల గ్రైండరు దానంతటది తిరగడం మొదలెట్టింది. ఆ రోజున స్విచ్చి ఆపలేదుగా మరి. సీతారత్నం పొత్రం వదిలి ఒక్క ఉదుటున లేచింది. మొహం, షరా మామూలే.

"అద్భుతం!" అన్నాడు ఫణిభూషణ్. "ఇంత శుభవార్తకి కూడా!"

వీధిలో మిగతావాళ్ల సంగతి చెప్పాలంటే నోరు రాదు. బిల్లు మళ్లీ నిండుగా వచ్చింది, పైన దిష్టి సర్దుబాటు చార్జీ యథాతథం. ఇప్పుడు నిజంగా ఏడుపొచ్చింది అందరికీ. భూలక్ష్మి ఏఈ గారి మోటారు సైకిలుకి అడ్డంపడి శోకాలు పెట్టింది. ఫణిభూషణ్ వంగి, ఓ చుక్క సీసాలో పట్టి, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"మీవి రికార్డుల్లో ఆనందబాష్పాల కేటగిరీ కింద నమోదై ఉన్నాయమ్మా. కేటగిరీ మార్చడం నా చేతుల్లో లేదు. ఎంత ఏడిస్తే అంత సంతోషంగా ఉన్నట్టు లెక్క. ఊరుకోవడమే మంచిది."

ఆ సాయంత్రం భూలక్ష్మి శాలువాతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి సీతారత్నం పక్కన కూలబడింది.

"వదినా, ఆ మొహం ఎలా పెడతావో నాకూ కాత్త నేర్పవూ?"

"పెట్టేదేముందమ్మా, ఉన్నదే ఇది," అంది సీతారత్నం. ఆ రోజు ఆవిడ గిన్నెలో పిండి అలవాటుగా వేసేదానికన్నా ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

మొదటి నిరానంద తనిఖీ నెలాఖరున పడింది. అప్పటికి హోటలాయన చేతులు నలుపుకుంటూ మళ్లీ వచ్చాడు, ఆవిడ పిండి లేక ఇడ్లీలు గోడకి కొడితే తిరిగొస్తున్నాయట. గంగరాజుని రాజమండ్రి డాక్టరుకి చూపించారు, నడుం కొంచెం వదులైంది. ఇంట్లో అన్నీ ఒకదాని వెనక ఒకటి మంచే జరుగుతున్నాయి. ఆ పొద్దున్న సీతారత్నం గోనెపట్టా తీసి గ్రైండరు తుడుస్తూంటే ఉన్నట్టుండి అత్తగారు గుర్తొచ్చింది. సంతోషం గుమ్మంలో పెట్టకమ్మా, ఎవరి కన్నైనా పడుద్ది అనేది. ఊరందరి సంతోషం మీదా పడ్డ కన్ను సాక్షాత్తూ గవర్నమెంటోరిదని తలుచుకునేసరికి ఆవిడ పొట్టలో ఎక్కడో ఒక చిన్న కదలిక మొదలైంది. అదేమిటో మొదట అర్థం కాలేదు. అజీర్ణమేమో అనుకుంది. అది పైకి పాకి గొంతులోకి వచ్చేసరికి తెలిసింది. నవ్వు!

సరిగ్గా అప్పుడే వీధిలో మోటారు సైకిలు చప్పుడు.

సీతారత్నం గోనెపట్టా గబుక్కున గ్రైండరు మీద కప్పేసింది. జీవితంలో ఎన్నడూ రాని నవ్వు, ఇవాళే దొరికిందా దీనికి! గ్రైండరు ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ నవ్వు మీద ఆధారపడి ఉంది. పళ్లు బిగించి, కొంగు నడుముకి దోపి గుమ్మంలోకి వచ్చింది.

ఫణిభూషణ్ కుర్చీలో కూచుని స్కేలు తీశాడు. కంపెనీ సూచించిన మొదటి ప్రశ్న అడిగాడు.

"ఎలా ఉన్నారమ్మా?"

"ఏదో ఇలా ఉన్నామండి."

"బిల్లు పూర్తిగా మాఫీ అయింది కదా, మరి ఏమనిపిస్తోంది?"

"ఏం మాఫీలెండి."

అంతే. వెనక మంచమ్మీద నోట్లో తువ్వాలు కుక్కుకుని కూచున్న గంగరాజుకి ఇక వల్ల కాలేదు. తువ్వాలు ఎగిరి గోడకి తగిలింది. నవ్వు ఇంటి కప్పుకి తగిలింది. మంచం కిర్రుమంది. ఫణిభూషణ్ చటుక్కున లేచి, జేబులోంచి సీసా తీశాడు.

"ఆనందం! ఈ ఇంట్లో ఆనందం ఉంది! దొరబాబూ, రాసుకో!"

సీతారత్నం ఒక్క అడుగు ముందుకు వేసింది. గొంతులో నవ్వు సుడి తిరుగుతోంది. కాలి బొటనవేలు గచ్చులోకి దిగిపోయేలా నొక్కిపెట్టి, ఆ పెళ్లి ఫొటోలో మొహంతో, ఒక్కో మాటే పలికింది.

"కనెక్షన్ నా పేరున ఉందండి. ఆయనది సబ్ కనెక్షను. సబ్ కనెక్షన్ల సంతోషం లెక్కలోకి రాదని తవరే సెలవిచ్చారు కదండీ."

ఫణిభూషణ్ సీసా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తను చెప్పిన రూలు తనకి ఎదురొస్తే ఏం చెయ్యాలో ఏ ఉత్తర్వులోనూ లేదు. స్కేలు తీసుకుని ఆవిడ పెదాల దగ్గర పెట్టాడు. దొరబాబు ఆవిడ కళ్లల్లోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, ముఖం పక్కకి తిప్పుకుని మీటరు వైపు నడిచాడు.

"రీడింగ్ సున్నా," అన్నాడు ఫణిభూషణ్ మెచ్చుకోలుగా. "ఇలాగే ఉండండమ్మా. మళ్లీ నెలలో కలుద్దాం."

మోటారు సైకిలు వీధి మలుపు తిరిగేదాకా సీతారత్నం కదల్లేదు. తర్వాత తలుపు మూసి గడియ పెట్టింది, కిటికీ మూసింది. గబగబా వెళ్లి పట్టా తీసి, నానిన పప్పు పోసి గ్రైండరు స్విచ్చి వేసింది. అది గురగురమని అందుకుంది. ఆ చప్పుడు ఇల్లంతా నిండాక, గ్రైండరు రెండు చేతులా పట్టుకుని, సీతారత్నం నవ్వింది. పెదాలు విచ్చాయి, పైవరస కనపడింది, కిందివరసా కనపడింది, కళ్లమ్మట బొటబొటా నీళ్లు కారి పప్పులో పడ్డాయి. గంగరాజు మంచం దిగి, నడుం సంగతి మరిచిపోయి, నోరు తెరుచుకుని ఆవిణ్ణే చూస్తూ నిలబడిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి చూశాడు మరి. పెళ్లాం నవ్వితే ఇంత బావుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అంతలో తలుపు చప్పుడైంది. భూలక్ష్మి, గిన్నెతో. గంగరాజు వెళ్లి తలుపు జానెడు తెరిచి, సందులో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటన్నయ్యా, గ్రైండరు ఇవాళ ఏదోలా మోగుతోంది?"

నవ్వకుండా వీధిలోవాళ్లతో ఒక్క మాట మాట్లాడి ఎరగని గంగరాజు, పెళ్లాం మొహం అరువు తెచ్చుకున్నట్టుగా పెట్టి, ఒక నిట్టూర్పు విడిచాడు.

"పాతదైపోయింది కదమ్మా. ఏదో అలా నడుత్తోంది."